తోరోకి ఏం పెట్టాలి

కైముకీ, హొనొలూలు
1994 ఫిబ్రవరి 6

అడలీన్‌కు,

క్షేమంగా చేరాను. మా చెల్లి సెత్సుకో విమానాశ్రయానికి వచ్చింది. ఆసుపత్రి తన ఇంటికి రెండు బస్సుల దూరం. మంగళవారం నుంచి కరెంటు పెడతారట, ఆరు వారాలు. ఫోను చేద్దామంటే నీ చెవికి ఫోను అందదు కదా, అందుకే రాస్తున్నాను.

తోరోని మీ ఇంటికి తీసుకెళ్ళినందుకు నీకు రుణపడి ఉంటాను. నాతో తెచ్చుకుందామనే అనుకున్నాను. ఊసరవెల్లిని ఒక దీవి నుంచి ఇంకో దీవికి దాటించడం నేరమన్నారు. మీ అన్న పోయిన ఈ మూడు నెలలూ వాడికి నేనే పెట్టాను. ఇంకెవరికి అప్పగించాలో తోచలేదు.

పెట్టె మీద అంటించిన కాగితం వానకి తడిసి ఉంటుంది, మళ్ళీ చెబుతున్నాను. కీచురాళ్ళ డబ్బా వంటింట్లోనే ఉంచు. బయట ఉంచకు. వాడికి వేసే కీచురాయి వాడి రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా పెద్దది కాకూడదు. వేసే ముందురోజు ఆ కీచురాళ్ళకి బొప్పాయి, చిలగడదుంప, ఆవాకు పెట్టాలి. వాటి కడుపులో ఉన్నదే వీడికి బలం. తెల్లటి కాల్షియం పొడి చిటికెడు సంచిలో వేసి, పురుగుల్ని అందులో ఒకసారి ఊపి ఇయ్యి. తినకుండా మిగిలినవాటిని పొద్దుగూకేలోపు ఏరి తియ్యాలి, లేకపోతే నిద్రపోతున్నవాణ్ణి అవి కొరుకుతాయి. నీళ్ళు గిన్నెలో పెడితే తాగడు, ఆకుల మీద జల్లాలి.

ఉల్లి మడుల్లో మిడతల్ని పట్టకు, అక్కడ మందు కొడతారు. వాగులోకి దిగకు.

వదిన
ఫుమియే

*

కెయొకెయా, కూలా
ఫిబ్రవరి 15

వదినగారికి,

నలభై ఏళ్ళలో మీరు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇదే. అదీ పురుగుల గురించి.

తప్పు పట్టడం లేదు. మూడు వందల మంది బడిపిల్లలకి వండి వడ్డించిన మనిషి, ఎవరికి ఎంత పెట్టాలో మీకు తెలిసినట్టు నాకు తెలియదు. కాని నా వంటింట్లో రొట్టె చేసుకునే బల్ల మీద రెండు వందల కీచురాళ్ళు కాపురం పెడతాయని నేను కలలో కూడా అనుకోలేదు. మొన్న చర్చి నుంచి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయారు. ఒకావిడ ‘లోపల ఏదో యంత్రం తిరుగుతోందే’ అంది. నాకు ఇబ్బంది లేదు. చెవి మిషను తీసి సొరుగులో పెట్టుకుంటే వాటి కచేరీ నాకు వినబడదు. మీకే పాపం, ఆ ఇంట్లో ఎట్లా నిద్ర పట్టేదో.

అసలు సంగతి, వాడు తినడం లేదు. ఎనిమిది రోజుల్లో మూడంటే మూడు పురుగులు. కొమ్మ పట్టుకుని, ఒక కన్ను నా మీద, ఒక కన్ను కిటికీ మీద పెట్టి, నల్లగా మాడిపోయి కూర్చుంటాడు. ముఖాన మూడు కొమ్ములున్నాయని మా అన్న తోరో అని ఆంబోతు పేరు పెట్టాడు గాని, వీడిది ముసలి పాదిరీ వాలకం. మకవావో దాణా కొట్టు అతను బెంగ అంటున్నాడు. బల్లి జాతికి బెంగేమిటని నవ్వాను. ఇంటికొచ్చి చూస్తే నాకూ అదేననిపించింది.

మా అన్న ఉంటే ఇదంతా ఉండేది కాదు. పని మానేసి ఆరేళ్ళయినా నీటి పైపుల పిచ్చి వదల్లేదు. రెండు రోజుల వాన తర్వాత, అరవై అయిదేళ్ళ మనిషి, పైపు చూడ్డానికి వాగులోకి దిగడమేమిటి. నీళ్ళ శాఖవాళ్ళు ఎదురుపడితే ఇప్పటికీ నేను మొహం తిప్పుకుంటాను.

కరెంటు పెడితే ఒళ్ళు మండుతుందంటారు. మీకు ఎలా ఉంది?

అడలీన్

*

కైముకీ
మార్చి 2

అడలీన్‌కు,

మండుతుంది, ఓర్చుకోవచ్చు. డాక్టర్లు పరవాలేదంటున్నారు.

తోరో తినకపోవడానికి బెంగ ఒక కారణం కావచ్చు. రెండోది, రోజూ ఒకటే తిండి. బడిలో నేను సోమవారం పెట్టింది మంగళవారం పెడితే పిల్లలు పళ్ళెం నెట్టేసేవారు. మీ అన్న వాడికి రోజుకొకటి మార్చేవాడు. మీ పెరట్లో మల్బరీ చెట్టుంది, దాణా కొట్టతను పట్టుపురుగుల గుడ్లు తెప్పించి ఇస్తాడు. అవి మెత్తగా ఉంటాయి, నీరు ఉంటుంది, నీరసించినవాడికి మంచిది. బొప్పాయి తొక్క ఒక సీసాలో వేసి మూత తీసి ఉంచితే చిన్న ఈగలు చేరతాయి. ఆ సీసా గూట్లో పెట్టు. కదిలేదాన్ని చూస్తే వాడికి వేట గుర్తొస్తుంది. దీపం దగ్గర పడిన రెక్కల పురుగు వారానికి ఒకటి రెండు వెయ్యొచ్చు. ఇంటి బొద్దింకలు వద్దు, అవి ఎవరింట్లో ఏ మందు తిని వచ్చాయో తెలియదు. తేనెటీగ వద్దు.

ముఖ్యంగా ఒకటి. దండలకని నువ్వు గేటు పక్కన పెంచుకున్న జిల్లేడు ఉంది చూడు, దాని మీద నలుపూ పసుపూ చారలున్న గొంగళిపురుగులు ఉంటాయి. తేలిగ్గా దొరుకుతాయి, లావుగా ఉంటాయి. వాటిని పొరపాటున కూడా వెయ్యకు. ఆ చెట్టు పాలలోని విషమంతా వాటి ఒంట్లో ఉంటుంది.

వాణ్ణి మీ అన్న తెచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. వాన వెలిసింది. కంచె తీగ మీద ఎవరో ఆకుపచ్చ చేతిగుడ్డ ఆరేశారనుకున్నాడట. నా దగ్గరికి తెచ్చి, మోచేతి మీద ఎక్కించి, ‘వీడికి నువ్వు నచ్చావు ఫుమీ, చూడు, రంగు మార్చలేదు’ అన్నాడు. నాకు చచ్చేంత భయం, ఆయన కోసం చెయ్యి కదపకుండా నిలబడ్డాను.

ఫుమియే

*

కెయొకెయా
మార్చి 29

వదినా,

తిన్నాడు!

పట్టుపురుగు. ఆకు మీద పెట్టి, పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. పులుసు మాడిపోయింది, అయినా లేవలేదు. ముప్పావుగంట తర్వాత రెండు కళ్ళూ ముందుకి తిప్పాడు. నోరు కొంచెం తెరిచాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు, అంత వేగం. ఆకు మీద పురుగు లేదు, వాడు నములుతున్నాడు. నేను ఒక్కదాన్నే ఇంట్లో చప్పట్లు కొట్టాను వదినా, అరవై దగ్గర పడుతున్న మనిషిని.

ఇప్పుడు రోజూ పెద్దమనిషికి విందే. సోమవారం కీచురాళ్ళు, మంగళవారం పట్టుపురుగులు, బుధవారం ఈగలు. ఉపవాసం శుక్రవారం నాకు, వాడికి కాదు. మధ్యాహ్నం గూడు వరండాలోకి తెచ్చి గంటసేపు ఎండ చూపిస్తున్నాను. మెడ కింద పసుపు తిరిగింది. చర్చివాళ్ళు ఇప్పుడు పెళ్ళికొడుకుని చూడ్డానికొచ్చినట్టు వస్తున్నారు.

నువ్వు చెప్పినవన్నీ పాటిస్తున్నాను. చూశావా, ‘నువ్వు’ అని రాసేశాను. కొట్టేద్దామనుకుని, కాగితం ఖరాబవుతుందని వదిలేశాను. మా అమ్మ నిన్ను ఇంట్లోకి రానివ్వని రోజుల్లో నేనూ తలుపు వెనకే నిలబడ్డాను. మన జాతి వేరు, వాళ్ళ జాతి వేరు అని మాకు నేర్పింది మేం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ మాటలకి అర్థం లేదు. నువ్వు వచ్చాక ఒకసారి మా ఇంట్లో భోంచెయ్యి.

ఒక శుభవార్త. గూటికి తీగ కావాలని నిన్న మీ కొట్టం తీశాను. గోనెసంచుల వెనక మా అన్న పురుగుల వల దొరికింది. కర్రకి మట్టి ఎండిపోయి ఉంది, కడిగాను. వాగు గడ్డిలో మిడతలు బాగా బలిసి ఉన్నాయట, అక్కడ ఎవరూ మందు కొట్టరు. శనివారం దిగుతాను. వద్దంటావని తెలుసు, నేను మా అన్నలా పైపులు వెతకను, అంచునే ఉంటాను.

నీ అడలీన్

*

కైముకీ
మార్చి 31

అడలీన్,

ఈ ఉత్తరం శనివారం లోపు చేరాలని సెత్సుకో చేత పెద్ద పోస్టాఫీసుకి పంపుతున్నాను. వాగులోకి దిగకు. ఇంకేం చదవకపోయినా ఇది చదువు.

మీ అన్న పైపు చూడ్డానికి వెళ్ళలేదు. పైపు సంగతి నేను కల్పించాను.

పోయిన నవంబరు నాటికి నాకు కడుపులో నొప్పి మొదలై రెండు నెలలయింది. ఎవరికీ చెప్పలేదు. నిద్ర ఉండేది కాదు. కాస్త కన్ను అంటుకుంటే వంటింట్లోంచి కీచురాళ్ళు. డబ్బా కొట్టంలో పెట్టమంటే చలికి చస్తాయనేవాడు. ఆ పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా ఎత్తుకెళ్ళి పెరట్లో మూత తీసి పెట్టాను. తెలిసే పెట్టాను. పది నిమిషాల్లో గోరింకలు దిగాయి. ఒక్కటి మిగల్లేదు.

ఆయన వచ్చి ఖాళీ డబ్బా చూశాడు. కోప్పడలేదు. ‘వాడు నిన్న కూడా సరిగ్గా తినలేదు ఫుమీ. వాగులో నాలుగు మిడతలు పట్టుకొస్తా’ అన్నాడు.

నేను అన్నాను, ‘వెళ్ళు. అక్కడే ఉండు. నాకు కాసేపు మనశ్శాంతి.’

సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళి ముందు నేనే చూశాను. తడిసిన బండ మీద జారాడు. తల కింద రాయి. వల చేతిలోనే ఉంది. దాన్ని విడిపించి, తెచ్చి, కొట్టంలో దాచి, అప్పుడు పొరుగువాళ్ళని పిలిచాను. ఎందుకు వెళ్ళాడని అడిగితే పైపు అన్నాను. అందరూ నమ్మారు, పైపుల మనిషి కదా. ఆయన జేబులో సీసా ఉంది. అందులో మిడతలు ఇంకా బతికే ఉన్నాయి. అవి తెచ్చి తోరోకి వేశాను. తిన్నాడు.

నువ్వు అంత్యక్రియల్లో నా చెయ్యి పట్టుకుని ‘ఆ పైపులు నా అన్నని తినేశాయి’ అని ఏడ్చావు. అప్పుడు చెప్పాల్సింది. భోజనానికి పిలిచావు. ఇప్పుడు కూడా చెప్పకుండా నీ ఇంట్లో కూర్చుని తినలేను.

ఫుమియే

*

కైముకీ
మే 9

అడలీన్‌కు,

అయిదు వారాలయింది. జవాబు రాయమని అడిగే హక్కు నాకు లేదు.

మళ్ళీ మొదలుపెట్టిన కరెంటు కూడా ఆపేశారు. కాలేయానికి పాకిందట. ఫిబ్రవరిలోనే వాళ్ళకి అనుమానం ఉంది, నాకూ చెప్పారు. పరవాలేదని నీకు రాసింది అబద్ధం. ఇక విమానం ఎక్కనివ్వరు, కూలాకి రాను.

వాడికి నీళ్ళు జల్లుతున్నావా? ఆ ఒక్కటీ రాయి. ఒక మాట చాలు.

ఫుమియే

*

కెయొకెయా
జూన్ 4

ఫుమియే గారికి,

రాద్దామని రెండుసార్లు కూర్చుని చింపేశాను.

మీ ఉత్తరం శుక్రవారం అందింది. వాగుకి వెళ్ళలేదు. చదివి చొక్కా జేబులో పెట్టుకుని గూడు దగ్గరికి వెళ్ళాను. వాడు కొమ్మ మీంచి నా వైపు నడిచొస్తున్నాడు, తిండి తెచ్చాననుకుని. నా అన్న చచ్చింది దీని నాలుగు మిడతల కోసమా అనిపించింది. మీ మీద కూడా అంత కోపం రాలేదు, నిజం చెబుతున్నాను. మీరు దూరంగా ఉన్నారు. ఇది నా ఎదురుగా ఉంది.

కీచురాళ్ళ డబ్బా మొత్తం తీసుకెళ్ళి గూట్లో బోర్లించాను. తినరా, ఎంత తింటావో తిను అన్నాను. తలుపు గడియ పెట్టి, గూటి మీద దుప్పటి కప్పి, ఆ గది తలుపు మూసి, చెవి మిషను తీసేశాను. మిగిలినవాటిని ఏరకపోతే కొరుకుతాయని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. నాకు గుర్తుంది. గుర్తుండే చేశాను.

నాలుగు రోజులు ఆ గదిలోకి వెళ్ళలేదు. అయిదో రోజు వెళ్ళాను. కొమ్మ మీద లేడు. గూటి అడుగున ఒక మూలకి నక్కి ఉన్నాడు. కాళ్ళ వేళ్ళు పుళ్ళు, ఎడమ కన్ను మూసుకుపోయి చీము. కీచురాళ్ళు వాడి వీపు మీద తిరుగుతున్నాయి.

కహులుయిలో పశువుల డాక్టరు చూశాడు. ఆ కన్ను పోయింది. పుళ్ళకి మందిచ్చాడు, అవి మానాయి. కాని ఒంటి కంటితో దూరం అందక, వాడు నాలుక విసిరితే అది పురుగుకి బెత్తెడు పక్కకి పోతుంది. మళ్ళీ విసురుతాడు, మళ్ళీ పోతుంది, ఏ రోజుకో ఒకటి తగులుతుంది. నాలుగోసారికి నోరు మూసుకుని, ఉన్న ఒక్క కన్నూ మూసుకుంటాడు. చూడలేకపోతున్నాను. ఎముకలు తేలాడు.

‘ఇంత జాగ్రత్తగా పెంచుతున్న మనిషివి, అన్ని కీచురాళ్ళు ఎలా చేరాయి’ అని డాక్టరు అడిగాడు. పొరపాటున మూత ఊడిందన్నాను. నాకూ అబద్ధం అంత తేలిగ్గానే వచ్చింది.

నీళ్ళు జల్లుతున్నాను. మీరు అడిగింది అదే కదా.

నోటికి ఎలా అందించాలో మీకు తెలిస్తే చెప్పండి.

అడలీన్

*

కైముకీ
జూన్ 9

అడలీన్‌కు,

రాస్తున్నది సెత్సుకో, మాటలు నావి. లేచి కూర్చోలేను.

నోరు బలవంతంగా తెరవకు, దవడ విరుగుతుంది. పట్టుపురుగుతోనే మొదలుపెట్టు. కీచురాయైతే వెనక కాళ్ళు తీసెయ్యి, అవి గొంతులో గీరుకుంటాయి. బాగున్న కన్ను వైపు నుంచి రా. పురుగుని వేళ్ళతో పట్టుకుని వాడి పెదవి అంచుకి ఆనించి ఆగు. కదపకు. కోపంతో నోరు తెరుస్తాడు, అప్పుడు లోపల పెట్టి చెయ్యి తీసెయ్యి. రోజుకి రెండు చాలు. ముందు ఆకు మీంచి నీటిబొట్టు పడేట్టు చూడు, నోరు ఎండి ఉంటే మింగలేడు. పొడి వారానికి రెండుసార్లే.

తినకపోతే అదేపనిగా పెట్టకు. పది నిమిషాలు చూసి వదిలెయ్యి. బడిలో జ్వరం వచ్చిన పిల్లలకి నేను అలాగే పెట్టేదాన్ని.

నువ్వు చేసినదాని గురించి నేను ఏమీ అనను. అనడానికి నాకు నోరు లేదు. చేసే ముందు నీకు తెలుసన్నావు. నాకూ తెలుసు. మళ్ళీ ఆ పొద్దున వస్తే చెయ్యకుండా ఉంటానని రోజూ అనుకుంటాను. ఆ పొద్దున రాదు.

మీ అన్న ఒకసారి కూడా నన్ను గట్టిగా కేకలెయ్యలేదు, నీకు తెలుసా? వేస్తే బాగుండేది.

ఫుమియే

*

కెయొకెయా
జూన్ 27

వదినా,

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటిరోజు ఒకటి తిన్నాడు, మర్నాడు రెండు. పదకొండు రోజులు నా చేత్తో తిన్నాడు. పెదవికి ఆనిస్తే బుసకొట్టి నోరు తెరిచేవాడు, ఆ కోపం చూస్తే బతుకుతాడనిపించేది. పన్నెండో రోజు నోరు తెరవలేదు. బుసా లేదు. నువ్వు పది నిమిషాలన్నావు, నేను గంట కూర్చున్నాను. తర్వాత నీళ్ళు కూడా పెదవి మీంచి జారిపోయాయి.

ఈ పొద్దున పోయాడు. ఎండలో, వరండాలో, నా చేతి మీద. లేత ఆకుపచ్చ అయిపోయాడు, తెచ్చిన రోజు ఎలా ఉన్నాడని మా అన్న చెప్పేవాడో అలాగ. కాసేపటికి ఆ రంగూ పోయింది.

బాగానే తింటున్నాడని రాయొచ్చు. దాణా కొట్టతను అదే రాయమన్నాడు, ‘ఆవిడ మాత్రం ఎన్నాళ్ళుంటుంది, సంతోషంగా పోనియ్’ అన్నాడు. నా వల్ల కాలేదు. నువ్వు నాకు నిజం అయిదు నెలలు ఆలస్యంగా చెప్పావు. నేను నీకు ఆ రోజే చెబుతున్నాను. సెత్సుకో ఇక్కడ చదవడం ఆపితే, ఆపొద్దని చెప్పు.

నిన్ను క్షమించానని రాయలేను వదినా. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రయత్నించాను, రాలేదు. నన్ను క్షమించమనీ అడగను, అడగాల్సినవాడు మాట్లాడే జాతి కాదు. మా అన్న లేడు, ఆయన పెంచినదీ లేదు. ఆయన్ని ఎరిగినవాళ్ళం మనిద్దరమే మిగిలాం. మనిద్దరం చేసిన పని ఇది.

అయినా వస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం విమానానికి. వచ్చి ఏం మాట్లాడాలో తెలియదు. రాకుండా ఉండలేననిపించి టిక్కెట్టు కొన్నాను.

నీకేం తెమ్మంటావు? ఏం తినగలుగుతున్నావు? చిక్కుడు పులుసు వడకట్టి సీసాలో పోసి తేగలను. బియ్యపు గంజి అయితే అక్కడే కాచి పెడతాను. ఏది లోపలికి పోతుందో రాయి, అదే చేస్తాను.

అడలీన్

*

కైముకీ
జూన్ 29

అడలీన్ గారికి,

నేను సెత్సుకోని. ఈ ఉత్తరం మీకు త్వరగా అందాలని ఈ రాత్రే కహులుయికి వస్తున్న మా పొరుగావిడ చేతికిచ్చి పంపుతున్నాను.

మీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. అక్కకి మొత్తం చదివి వినిపించాను. తోరో సంగతి దగ్గర ఆగాను. చదవమంది, చదివాను. పెదవి తడిపితే తల తిప్పుకుంది. తర్వాత మీకు జవాబు రాసుకోమంది. ఇవి ఆవిడ మాటలే:

‘ఏమీ తేవద్దు. ఏదీ లోపలికి పోవడం లేదు. రా. ఊరికే కూర్చుందువు గాని.’

ఇది చెప్పాక కళ్ళు మూసుకుంది. ఇప్పుడు సాయంత్రం ఆరయింది, పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మాత్రం ఉంది. శుక్రవారం దాకా ఆగొద్దు. రేపు మొదటి విమానానికి చోటు దొరికితే అందులోనే రండి. మీకు వినబడదని తెలుసు కాబట్టి గేటు తీసే ఉంచుతాను, తిన్నగా లోపలికి వచ్చెయ్యండి. కుడివైపు గది.

సెత్సుకో